మామ్మ గోళ్ళ కింది ఎరుపు

నా చిన్నప్పుడు రోజుకు రెండుసార్లు సముద్రం మా ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చి పోయేది. కథ కోసం చెప్పే మాట కాదిది. సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో మేమున్న పల్లపు నేల కిందికి కుంగిపోయింది. పెద్ద అల వెనక్కి పోయాక కూడా, పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు రోడ్డెక్కేవి, మా వంటింటి పొయ్యి మునిగేది. ఆటు వేళకు బురద మిగిల్చి పోయేవి. గోడలు నిలబడ్డాయి గానీ అందులో కాపురం చేసే వీలు లేకపోయింది. మా నాన్న చిన్న పడవను, ఆ డింగీని అల ఎత్తుకెళ్ళి కొబ్బరి చెట్ల మధ్య ముక్కలు చేసి పడేసింది. చేపలు పట్టి బతికేవాడికి డింగీ పోతే ఇంకేం మిగులుతుంది?

వయసు చూస్తే నేనంత పెద్దదాన్నేమీ కాను. అమ్మా నాన్నా మామ్మా అందరూ వెళ్ళిపోయాక ఇంటి పెద్దరికం నా నెత్తిన పడింది. పిల్లలు అప్పటి సంగతులు అడిగితే చెప్పాల్సింది నేనే. వాళ్ళకు కావలసింది అల సంగతి, అది ఎంత ఎత్తు లేచిందీ, ఎలా హోరుపెట్టిందీ అని. నేను చెప్పేది మాత్రం అల పోయిన తర్వాత ఒక వంటగదిలో జరిగింది. విని మొహాలు ముడుచుకుంటారు. ముడుచుకుంటే ముడుచుకోనీ.

మాకు తల దాచుకోను చోటిచ్చింది మేడింటి పెద్దమ్మ. ఆవిడ మాకు చుట్టం కాదు. కాకినాడ వైపు నుంచి వచ్చి కాంట్రాక్టులు చేసుకునే కుటుంబం వాళ్ళది. ఇంకా సున్నం కూడా వేయని పై అంతస్తు ఒకటుంది వాళ్ళింటికి. పోర్ట్‌బ్లెయిర్‌లో క్యాంపులు నిండిపోయాయి, జెట్టీ దెబ్బతింది, ఫెర్రీ ఎప్పుడు నడుస్తుందో నడిపేవాళ్ళకే తెలియదు. అలాంటి రోజుల్లో ఆవిడ మమ్మల్ని పైకి పిలిచి చాప పరిచింది. మంచి మనిషి. కాకపోతే తన మంచితనాన్ని పూటకోసారి ఎదుటివాళ్ళకు గుర్తు చేస్తే తప్ప ఆవిడకు అన్నం సహించేది కాదు.

మేం ఐదుగురం. అమ్మ, నాన్న, నాన్న తల్లి మా మామ్మ, నేను, నడక వచ్చి పరుగులు మొదలుపెట్టిన మా తమ్ముడు. మాతో పాటు ఒక బెంగాలీ దీదీ, నాకంటే కాస్త చిన్నదైన ఆమె కూతురు. దీదీ భర్త రంగత్ వైపు పనికి వెళ్ళి, వంతెనలు దెబ్బతిని అక్కడే చిక్కుకుపోయాడు. అతను బతికే ఉన్నాడన్న కబురైతే అందింది, మనిషి మాత్రం రాలేదు. పెద్దమ్మ, ఆవిడ భర్త పెదనాన్న, వాళ్ళ సామాను కూడా పైకే చేరడంతో అందరం ఆ ఒక్క హాల్లో సర్దుకున్నాం.

పోటు వేళ ఆ మేడలో ఉండటం ఎలా ఉండేదో చెప్పడం కష్టం. కింది గదుల్లో నీళ్ళు నిండి మెట్లు ఒక్కొక్కటే మునిగేవి. రోడ్డూ కంచే వాకిలీ అన్నీ ఒకే మడుగై, ఎటు చూసినా మురికి నీళ్ళు. అడుగు బయట పెట్టేందుకు లేదు. ఆ నీళ్ళలోకి మొసళ్ళు వస్తున్నాయని ఎవరో పుట్టించారు, నిజమో కాదో గానీ మేము నమ్మాము. మధ్యమధ్య నేల వణికేది. వణికితే బయటికి పరిగెత్తాలి, కానీ బయట ఏముంది? అందరం గోడల కేసి చూస్తూ కూర్చునేవాళ్ళం. నాకైతే ఊపిరి సగమే ఆడేది. ఆటు వచ్చి మెట్లు కనబడితే మిగతా సగం ఆడేది.

మెట్లు పైకొచ్చే మలుపు దగ్గర కాస్త జాగా ఉంటే అదే వంటిల్లయింది. ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక కత్తిపీట, ఒక మసిగుడ్డ, నాలుగు గిన్నెలు. ఆటు వేళ మిట్ట మీదికి ట్యాంకర్ వస్తే నాన్నా నేనూ బురదలో పడి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళం. డ్రమ్ము మీద పెద్దమ్మ కన్నేసి ఉంచేది. చేతులు కడుక్కోవడానికి ఒక చెంబు, అందులో అందరూ చేతులు ముంచాలి. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి అందరికీ వంట మా మామ్మే చేసేది. మామ్మ చేతి వంటకు వంక పెట్టినవాడు అప్పటిదాకా పుట్టలేదు. పుట్టి ఉంటే ఆవిడ ఊరుకునేది కాదు, ఆవిడకు కోపం ముక్కు మీదే ఉండేది.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన మా ఇళ్ళలో పచ్చి చేప వంటింట్లోకి రాదు. పెరట్లో నూతి దగ్గర కూర్చుని పొలుసు తీసి, కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, నీచు పోయేదాకా నీళ్ళు కుమ్మరించి కడుగుతారు. బూడిదతో కత్తిపీట తోముతారు, చింతపండుతో చేతులు రుద్దుకుంటారు. అప్పుడు గాని గడప లోపలికి అడుగు పెట్టరు. ఇదంతా శుభ్రం అని ఎవరూ అనుకోరు. పెరడు పెరడే, పొయ్యి పొయ్యే, అంతే. ఈ మేడ మీద పెరడు లేదు, నుయ్యి లేదు. మామ్మ చేతులకు తెలిసిన రెండు చోట్లూ ఆ మెట్ల మలుపులో ఒకటైపోయాయి. ఆ సంగతి ఆవిడకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

అప్పట్లో చేప అంటేనే జనం హడలిపోయేవారు. అల ఎంతమందిని మింగిందో, వాళ్ళను తిన్న చేపను మనమెలా తింటామని అనేవారు. మా నాన్న లాంటివాళ్ళకు ఆ మాట కడుపు మీద తన్నినట్టుండేది. అయినా ఒక సాయంత్రం ఎవరిదో విసురు వల అడిగి పట్టుకెళ్ళి, అర బుట్టెడు చేపలతో వచ్చాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన మొహంలో కాస్త వెలుగు చూశాను. మామ్మ ఆ మలుపులోనే కత్తిపీట వేసుకుని చేపలు కోసింది, ఉప్పూ పసుపూ వేసి కడిగింది. పులుసు తుకతుక ఉడుకుతుంటే వాసన హాలంతా కమ్మేసింది. పెద్దమ్మ ముక్కు మూసుకుంది. దీదీ తన కూతుర్ని దగ్గరికి లాక్కుని ముద్ద కూడా ముట్టనివ్వలేదు. మేమంతా లొట్టలేసుకుంటూ తిన్నాం.

చేపలు కడిగిన చెయ్యి చెంబులో ముంచి, మసిగుడ్డకు తుడుచుకుని, మిగిలిన తెల్లన్నాన్ని మామ్మ కుండలోకి తీసింది. నీళ్ళు పోసి చేత్తో కలిపి, మూత పెట్టి, ఆ గుడ్డే మీద కప్పింది. పొద్దున్నే పిల్లలకు చద్దన్నం ఉండాలి గదా. దీదీ వాళ్ళూ దాన్ని పాంతా భాత్ అని ఇష్టంగా తింటారు. చేపకు భయపడిన దీదీ చద్దన్నానికి భయపడలేదు. మర్నాడు పొద్దున నేను నాన్నతో నీళ్ళకు పోయి వచ్చేసరికి తమ్ముడూ దీదీ కూతురూ ఉల్లిపాయ నంజుకుని కుండ ఖాళీ చేసేశారు. నాకు మిగల్చలేదని ఇద్దర్నీ తిట్టిపోశాను.

మధ్యాహ్నానికి ముందు తమ్ముడు వాంతి చేసుకున్నాడు. తర్వాత దీదీ కూతురు. ఆ పిల్ల రెండు మూడుసార్లతో తేరుకుని గోడకు చేరగిలబడింది. తమ్ముడు తేరుకోలేదు. కక్కడం, విరేచనం, మళ్ళీ కక్కడం. అమ్మ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తే లోపలికి పోయినంత బయటికొచ్చేసేది. కాసేపటికి వాడు ఏడవడం మానేశాడు. అప్పుడే నాకు భయం వేసింది. వాడు ఎప్పుడూ ఏడుపు మానే రకం కాదు.

సరిగ్గా అప్పుడు పోటు మీదుంది. ఆరోగ్య కేంద్రం మిట్ట మీద, మా కిటికీలోంచి దాని కప్పు కనిపిస్తుంది. కనిపించి ఏం లాభం? మధ్యలో మనిషి మునిగేంత నీరు. నాన్న మెట్ల మీద కూర్చుని మునిగిన మెట్టు కేసి చూస్తూ ఉండిపోయాడు. లేచి నిలబడేవాడు, మెట్లు దిగేవాడు, నడుము దాటి నీళ్ళు తగలగానే వెనక్కి ఎక్కేవాడు. ఒక్కడైతే ఈదుకుపోయేవాడు, సొమ్మసిల్లిన పిల్లాణ్ణి ఎత్తుకుని ఎలా ఈదుతాడు? అమ్మ తమ్ముడి కళ్ళు తెరిచి చూసేది, మూసేది. మేమందరం నీళ్ళు తగ్గడం కోసం కాచుకున్నాం. సముద్రం మీద నాకు అంత కోపం అల వచ్చిన రోజున కూడా రాలేదు.

చివరికి ఆటు మొదలై నీళ్ళు నాన్న నడుం దగ్గరికి దిగాయి. ఇంకా తగ్గేదాకా ఆగమని పెదనాన్న అంటున్నా వినకుండా తమ్ముణ్ణి భుజం మీద వేసుకుని దిగిపోయాడు. వెనకాలే అమ్మ చీర పైకి దోపుకుని దిగింది. వాళ్ళు మిట్ట ఎక్కేదాకా కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత ఏమైందో చెప్పేవాళ్ళు లేరు.

అప్పుడు పెద్దమ్మ నోరు విప్పింది. "చెప్పానా లేదా? శవాలు తిన్న చేపలు ఇంట్లోకి తేవద్దని చెప్పానా లేదా పిన్నీ? పసివాడి ప్రాణాల మీదికి తెచ్చారు. ఈ పిల్ల కూడా మీ చేప గాలికే పడింది. రేపటి ఆటుకి మీ దారి మీరు చూసుకోండమ్మా." దీదీ ఆ మాటను అడ్డుకోలేదు. మాకు వేరే దారి లేదని వాళ్ళిద్దరికీ తెలుసు. తమ్ముడు ఉంటాడో లేదో తెలియదు, తిరిగొస్తే పడుకోబెట్టే చోటు ఉంటుందో లేదో తెలియదు. నేను మామ్మ కేసి చూశాను, ఇప్పుడు విరుచుకు పడుతుందని. మామ్మ పడలేదు. మెట్ల మలుపులో చతికిలబడి ఆకులూ వక్కా సంచీ ముందేసుకుంది. అన్నం తినని పూట ఆవిడకు ఆ తమలపాకే ఆధారం.

నేను పక్కనే ఉన్నాను. మామ్మ సున్నం డబ్బా తెరిచి వేలితో సున్నం తీసి ఆకుకు రాసింది. ఆకు మడవబోయి ఆగిపోయింది. వేలి కేసి చూసుకుంది. గోరు అంచున, గోరు కింద, ఎర్రగా గీత కనిపిస్తోంది. పసుపుకు సున్నం తగిలితే ఎరుపు తిరుగుతుందని తెలియని తెలుగు ఆడది ఉండదు, పెళ్ళిళ్ళలో పారాణి కలిపేది అలాగే కదా. నిన్న చేపలకు పట్టించిన పసుపు ఇంకా మామ్మ గోళ్ళలోనే ఉంది. చెంబులో ముంచి, గుడ్డకు తుడిచి, శుభ్రమైపోయిందనుకున్న చెయ్యి అది.

మామ్మ వేలితో ఇంకాస్త సున్నం తీసి చెంబులో నీళ్ళకు కలిపింది. చీర కొంగు తడిపి మసిగుడ్డ మీద అద్దింది. గుడ్డ ఎర్రబారింది. చెంబు అంచు తుడిచింది, కొంగు మీద ఎరుపు. చివరికి చద్దన్నం కుండ మూత తీసుకుని లోపలివైపు అద్దింది. మూత లోపల ఐదు వేళ్ళలో మూడింటి గుర్తులు ఎర్రగా తేలాయి. పచ్చి చేప పట్టుకున్న చెయ్యి ఏ దారిన కుండలోకి వెళ్ళిందో అంతా అక్కడ కనిపిస్తూనే ఉంది.

మామ్మ నా కేసి చూసింది. హాల్లో మిగతావాళ్ళందరూ కిటికీ వైపు తిరిగి ఉన్నారు. ఎవరూ చూడలేదు. మూత ఆ నీళ్ళలోనే ముంచి కడిగేసి ఉంటే అక్కడితో సరి. చేప చేసిందనుకుంటారు, సముద్రం చేసిందనుకుంటారు. మామ్మ వంటకు మచ్చ రాదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపమో ఏమో పెదవి బిగించింది. తర్వాత పెద్దమ్మనూ దీదీనీ గట్టిగా పిలిచింది.

"తల్లీ, ఓపాలి ఇటు రా. దీదీ, నువ్వు కూడా ఇధర్ ఆవో. ఇదిగో సూడండి."

మూత అందరి ముందూ పెట్టింది. గోళ్ళు కనబడేలా వేళ్ళు చాచింది. "సేప తప్పేటి నేదు. సముద్రం తప్పు నేదు. పచ్చి సేప కడిగిన సెయ్యి తిన్నగా కడుక్కోకండా సద్దన్నంలో ఎట్టీసినాను. ఆ గుడ్డే మీద కప్పినాను. పిల్లలిద్దరూ తిన్నదదే."

పెద్దమ్మ మూత కేసి, మామ్మ కేసి చూసింది. అంత కోపంలో ఉన్న మనిషి మెత్తబడింది. "అది కూరలో పసుపై ఉంటుందిలే పిన్నీ. చేపదే అయ్యుంటుంది" అని మామ్మకు ఒక దారి చూపించింది. ఆ దారిన పోతే మామ్మకు బాగానే ఉండేది.

"తెల్లన్నం కుండకి కూర పసుపెందుకొస్తాదమ్మా? ఈ పాప సేప ముట్టనేదు, దానికెందుకొచ్చినాది? పులుసు తిన్న నా కొడుక్కేటి కానేదు, నాకేటి కానేదు" అంది మామ్మ.

అప్పుడు గోడవతల నుంచి పెదనాన్న చిన్నగా దగ్గాడు. "నాక్కూడా ఏం కాలేదు" అన్నాడు. పెద్దమ్మ అటు తిరగ్గానే ముందురోజు ఆయన రెండు ముక్కలు లాగించాడట. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ రోజు పెద్దమ్మ కూడా ఆయన్ని ఏమీ అనలేదు.

దీదీ మాత్రం వదల్లేదు. "మౌసీ, మేరీ బచ్చీ మర్ జాతీ తో?" అని నిలదీసింది. నా పిల్ల చచ్చిపోయి ఉంటే ఏం చేసేదానివని. మామ్మ తల వంచుకుని నిలబడింది. ఆవిడ తల వంచడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

మమ్మల్ని వెళ్ళమన్న మాట పెద్దమ్మ మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆ పూట నుంచి గరిటె తనే పట్టుకుంది. మోకాళ్ళు మూలిగినా సరే, మామ్మ చేతి వంట ఎవరికీ వద్దు. మామ్మ ఇంకో పని మొదలుపెట్టింది. నా చేత తన గోళ్ళు మొదటికంటా కత్తిరింపించుకుంది. మసిగుడ్డను మరుగుతున్న నీళ్ళలో వేసి ఉడకబెట్టి ఎండలో ఆరేసింది. పాత చీర చింపి గిన్నెలకొకటి, చేతులకొకటి వేరు చేసింది. చేతులు ముంచే చెంబు తీసేసి, ఒక ఖాళీ డబ్బా అడుగున మేకుతో చిల్లి పెట్టి పుల్ల బిగించింది. పుల్ల లాగితే సన్నటి ధార పడుతుంది, అన్ని నీళ్ళతోనే నలుగురూ సబ్బు పెట్టి కడుక్కోవచ్చు. ఒకరు ముంచిన నీళ్ళలో ఒకరు ముంచక్కర్లేదు. తాగే నీళ్ళు కాచకుండా ఎవరినీ ముట్టనివ్వలేదు. మిగిలిన అన్నం నిలవ పెట్టడం మానేయించింది, పూటకు సరిపడా వండమని పెద్దమ్మనే సతాయించింది. చేప కొయ్యాల్సి వస్తే ఆటు వేళ అన్నిటికన్నా కింది మెట్టు మీదే అని ఆరోగ్య కేంద్రంలో ఉన్న నాన్నకు కబురు పెట్టింది. పెరట్ని అలా మళ్ళీ వంటింట్లోంచి విడదీసింది.

తమ్ముడు బతికాడు. చేతికి సెలైన్ పెట్టిన గుర్తుతో, మెడ నిలపలేక నాన్న భుజం మీద వాలిపోయి తిరిగొచ్చాడు. మామ్మ వాణ్ణి ఎత్తుకోలేదు. దూరం నుంచే చూస్తూ ఏడ్చింది. ఆవిడ ముట్టుకోవడానికి భయపడుతోందని నాకు అర్థమైంది. ఆ భయం చూసి నాకూ ఏడుపొచ్చింది.

కాస్త ఒంట్లో బలం వచ్చాక వాడికి ఆకలి మొదలైంది. పెద్దమ్మ మెత్తగా ఉడికించిన అన్నం కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకున్నాడు. అమ్మ పెట్టినా తిప్పేసుకున్నాడు. "మామ్మ పెడితేనే తింతాను" అని మొండికేశాడు. బయట పోటు నిండుగా ఉంది, ఎవరూ ఎక్కడికీ లేచి పోవడానికి లేదు.

మామ్మ లేచి డబ్బా దగ్గరికి వెళ్ళింది. సబ్బు తీసుకుని మణికట్టు దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ ఎంతసేపు రుద్దిందో. తర్వాత తమ్ముడి దగ్గరికి రాలేదు. దీదీ ముందుకు వెళ్ళి రెండు అరచేతులూ చాచి నిలబడింది. దీదీ ఆ చేతులు పట్టుకుంది, తిప్పింది, ఒక్కొక్క గోరూ వంగి చూసింది. దీదీ చేతులు వదిలి, తన కూతురి కంచం తెచ్చి తమ్ముడి కంచం పక్కన పెట్టింది.

"ఇస్‌కో భీ ఖిలా దో, మౌసీ" అంది. దీనికీ నువ్వే పెట్టు అని.

మామ్మ ఇద్దరికీ కలిపి ముద్దలు పెట్టింది. ఆ రోజు నుంచి తను పోయేదాకా, ఎవరికి వడ్డించాలన్నా ముందు రెండు చేతులూ చాచి చూపించేది. ఎవరూ అడక్కపోయినా.

ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలో నాకో చిన్న టిఫిన్ కొట్టుంది. పొద్దున్నే మొదటి ప్లేటు ముందు నేనూ చేతులు కడుక్కుని రెండు అరచేతులు చాచి చూపిస్తాను. అది మావాళ్ళ ఆచారమేదో అనుకుంటారు బెంచీ మీద కూర్చున్న భయ్యాలు, కొందరైతే తిరిగి దణ్ణం కూడా పెడతారు. పెట్టనీ. ఎప్పుడైనా ఎవరికైనా కడుపులో బాగోలేదని వింటే, నా నోటికి ముందొచ్చే మాట నీళ్ళు మంచివి కావనో సరుకు మంచిది కాదనో. ఆ మాట మింగి ముందు నా చేతుల కేసి, నా గుడ్డ కేసి, నా మూతల కేసి చూసుకుంటాను. అది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఆ ఎరుపు ముందుగా చూసింది మామ్మా నేనూ ఇద్దరమే. ఊరుకోమని ఆవిడ కంటితో సైగ చేసి ఉంటే చాలు, నేను జన్మలో ఎవరికీ చెప్పేదాన్ని కాను. ఎటూ పోయే దారి లేని ఇంట్లో, తమ్ముడు ఉన్నాడో లేడో తెలియని పూట, మా మామ్మ ఆ సైగ చేయలేదు.